గుండె ఆపరేషన్ అయినవాణ్ణి మంచాన కట్టేయకండి

బైపాస్ చేయించుకుని ఇంటికొచ్చిన మనిషికి మన గోదావరి డెల్టా ఊళ్ళలో జరిగే సేవ అంతా ఇంతా కాదు. హాల్లో ఫ్యాను కింద మంచం వేస్తారు. మంచినీళ్ళు అక్కడికే, భోజనం అక్కడికే. బాత్రూముకి లేచినా ఇద్దరు పరిగెత్తుకొస్తారు. చూడ్డానికి వచ్చినవాళ్ళందరికీ "ఆరు నెలలు కదలకూడదంటండి" అని చెబుతారు. అదే ఇంట్లో ఐదో వారం వచ్చేసరికి, మనిషి మొహం కాస్త తేటపడగానే, ఆయన బండి సెంటర్ స్టాండు తనే దింపుతాడు, కొట్టు షట్టరు తనే ఎత్తుతాడు. ఎవరూ వద్దనరు. "ఇప్పుడు బానే ఉన్నారు కదా" అంటారు.

ఈ రెండూ తప్పే. నడవాల్సిన రోజుల్లో పడుకోబెడుతున్నాం, ఎత్తకూడని రోజుల్లో ఎత్తనిస్తున్నాం. ఆపరేషన్ అయిన ఒంట్లో రెండు లెక్కలు ఒకేసారి నడుస్తుంటాయి. ఎముక లెక్క ఒకటి, గుండె లెక్క ఒకటి. ఎముకకి 12 వారాల కాపలా కావాలి. గుండెకీ ఊపిరితిత్తులకీ కాళ్ళకీ ఇంటికొచ్చిన రోజు నుంచే పని కావాలి. ఈ రెంటినీ కలిపేసి "రెస్టు" అన్న ఒక్క మాట కింద కట్టేయడం వల్లే బాగా జరిగిన ఆపరేషన్లు కూడా ఇళ్ళల్లో చెడుతున్నాయని నా గట్టి నమ్మకం.

ముందు ఎముక సంగతి. బైపాస్‌కైనా గుండె వాల్వు (కవాటం) మార్చడానికైనా చాలావరకు రొమ్ము ఎముకని పైనుంచి కిందిదాకా రంపంతో నిలువునా కోసి తెరుస్తారు. పనయ్యాక రెండు చెక్కలనీ దగ్గరికి తెచ్చి స్టీలు తీగలతో బిగిస్తారు. మామూలుగా ఆరు నుంచి ఎనిమిది తీగలు పడతాయి. అవి జన్మంతా లోపలే ఉంటాయి, తీయక్కర్లేదు, తర్వాతెప్పుడైనా ఎమ్మారై తీయించుకోవాల్సొచ్చినా సాధారణంగా అడ్డుకావు. ఎముక అతుక్కునేదాకా రెండు ముక్కల్నీ కదలకుండా పట్టి ఉంచడం వరకే తీగల పని. పోసిన శ్లాబు మర్నాటికే గట్టిగా కనిపిస్తుంది, అయినా సెంట్రింగు విప్పేసి దానిమీద ఇటుకలు పేర్చం కదా. ఇదీ అంతే. పైన చర్మం రెండు మూడు వారాల్లో మానిపోతుంది. లోపల ఎముక చాలావరకు అతుక్కోవడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు, పూర్తి బలానికి రావడానికి 12 వారాలు పడుతుంది. షుగరున్నవాళ్ళకీ, పొగతాగేవాళ్ళకీ, బాగా లావుగా ఉన్నవాళ్ళకీ ఇంకా ఆలస్యం. బయటి గాటు చూసి లోపలి ఎముకని అంచనా వేస్తారు, అక్కడే వస్తుంది చిక్కంతా.

మొదటి ఆరు వారాలు నాలుగైదు కిలోలకి మించి ఎత్తొద్దని డిశ్చార్జి కాగితం మీద రాసిస్తారు. ఆ అంకె ఎవరి బుర్రకీ ఎక్కదు, ఎందుకంటే ఇంట్లో ఎవరం వస్తువుల్ని తూకం వేసి ఎత్తం. కాబట్టి వస్తువుల్లోనే చెప్పుకుందాం. ఏడాది నిండిన మనవడు తొమ్మిది, పది కిలోలుంటాడు. నిండు స్టీలు బిందె పది నుంచి పదిహేను. మంచినీళ్ళ టిన్ను 20. రొయ్యల మేత బస్తా 25. నిండు గ్యాసు సిలిండరు దగ్గర దగ్గర 30. యూరియా బస్తా 45. ధాన్యం బస్తా 75. వీటిలో ఒక్కటి కూడా ఆ మనిషి చేతికి రాకూడదు. రెండు లీటర్ల సీసా, రెండు కిలోల కూరగాయల సంచి పర్వాలేదు. అవైనా మోచేతులు పక్కటెముకలకి ఆనించి, ఒంటికి దగ్గరగా పట్టుకోవాలి. చెయ్యి బారచాపి ఎత్తితే రెండు కిలోలు కూడా ఎముక మీద బరువే. ఆరు నుంచి పన్నెండు వారాల మధ్య సర్జను చూసి సరేనన్నాక కొద్దికొద్దిగా పెంచుకోవచ్చు.

బరువు ఒక్కటే చూస్తే చాలదు, లాగడం, నెట్టడం, మెలితిప్పడం ఇంకా చేటు. బోరింగు కొట్టడం, ఆయిలింజను హ్యాండిలు తిప్పడం, బిగుసుకుపోయిన ఇనప గేటు తొయ్యడం, తడి దుప్పటి పిండడం ఈ కోవలోవే. కోనసీమలో అందరికీ అలవాటైన పని కొబ్బరికాయ ఒలవడం. అందులో ఏం జరుగుతుందో గమనించండి. కాయని రెండు చేతులతో పట్టుకుని ఒంటి బరువంతా వేసి నిలబెట్టిన గునపం మీదికి దించుతారు. పీచులో మొన దిగాక కాయని పక్కకి మెలితిప్పి డొక్క చీలుస్తారు. ఆ మెలికలో ఒక భుజం ముందుకీ ఒక భుజం వెనక్కీ లాగుతుంది, మధ్యలో ఉన్న ఎముక ఆ రెండు లాగుళ్ళకీ చిక్కుతుంది. ఇంట్లో పచ్చడికి ఒక్క కాయే కదా అనుకుంటారు. 12 వారాలు నిండేదాకా ఆ ఒక్క కాయా వద్దు.

దగ్గినప్పుడో పక్కకి తిరిగినప్పుడో రొమ్ములో "టక్" మని కదిలినట్టు, ఎముక ఎముకతో రాసుకున్నట్టు తెలిస్తే అది తీగ వదులైందన్న గుర్తు కావచ్చు. గాటు ఎర్రబడి వేడిగా ఉన్నా, రసి కారినా, చీము కనపడినా, జ్వరం 100.4 దాటినా ఊళ్ళో ఇంజక్షన్లతో రోజులు గడపకుండా ఆపరేషన్ చేసిన చోటికి ఫోను చెయ్యాలి. లోపలి ఎముకకి చీము పడితే మళ్ళీ థియేటరుకి వెళ్ళాల్సొస్తుంది. గాటు మీద పసుపు, పౌడరు, ఆకు పసరు ఏవీ వద్దు. గోరువెచ్చని నీళ్ళు చెంబుతో పోసుకుని, మామూలు సబ్బు నురగ పైనుంచి జారనిచ్చి, మెత్తటి తువ్వాలుతో అద్దుకుంటే చాలు. పూర్తిగా మానేదాకా చెరువులోనూ కాలవలోనూ మునగకూడదు. కార్తీక స్నానం ఈ ఏటికి ఇంట్లోనే.

ఎముక కాపలాలో అందరూ మరిచిపోయేది మంచం. కుంగిపోయే నవారు మంచం మీంచి లేవాలంటే చేతుల మీద బరువెయ్యక తప్పదు. మోకాలెత్తున్న గట్టి మంచం కావాలి. లేచేటప్పుడు మోకాళ్ళు ముడుచుకుని, చిన్న దిండు రొమ్ముకి హత్తుకుని, తలా భుజాలూ నడుమూ ఒకేసారి పక్కకి తిప్పాలి. తర్వాత కాళ్ళు మంచం కిందికి జారవిడుస్తూ ఆ ఊపులోనే కూర్చోవాలి. సాయం చేసేవాళ్ళు వీపు వెనక చెయ్యేసి లేపాలి. ప్రేమకొద్దీ రెండు చేతులూ పట్టుకుని లాగుతారు, లేకపోతే చంకల కింద పట్టి ఎత్తుతారు. ఆ రెండూ తీగల మీద పడతాయి. కుర్చీలోంచి లేచేటప్పుడు అంచుకి జరిగి, ఒళ్ళు ముందుకి వంచి, తొడల బలంతో లేవాలి. దగ్గొచ్చినా తుమ్మొచ్చినా అదే దిండు రొమ్ముకి గట్టిగా అదుముకోవాలి. ఆ దిండు కొన్ని వారాలపాటు మనిషి చేతికందే దూరంలోనే ఉండాలి. ఆడవాళ్ళకి మరో మాట: రొమ్ముల బరువు గాటుని రెండు పక్కలకీ లాగుతుంది, కాబట్టి ముందు హుక్కులున్న మెత్తటి బ్రా పగలూ రాత్రీ వేసుకుంటే నొప్పి తగ్గుతుంది, గాటు మీద లాగుడూ తగ్గుతుంది.

గొంతుక్కూర్చునే దొడ్డిలో రెండు చిక్కులు. లేచేటప్పుడు కుళాయో గోడో పట్టుకుని లాగడం ఒకటి, ముక్కడం రెండోది. ఐరన్ మాత్రలూ నొప్పి మాత్రలూ మలబద్ధకం చేస్తాయి, ముక్కితే గుండె మీదా ఎముక మీదా ఒత్తిడి. మొదటి ఎనిమిది వారాలూ వాడేందుకు ప్లాస్టిక్ కమోడ్ కుర్చీ తెచ్చుకోండి, రాత్రిపూట ఇసబ్‌గోల్ పెట్టుకోండి. నీళ్ళకి కట్టడి ఉన్నవాళ్ళు ఇసబ్‌గోల్‌కి బదులు ఏం వాడాలో డాక్టర్ని అడగాలి.

ఎముక పేరు చెప్పి భుజాలు బిగబట్టుకు కూర్చునేవాళ్ళూ ఉన్నారు. గాటు చిరుగుతుందన్న భయంతో గూనిగా కూర్చుంటారు, రెండు నెలలకి మెడా వీపూ పట్టేసి, భుజం లేవకుండా పోతుంది. రోజుకి రెండుసార్లు, ఒక్కోసారి ఐదు నుంచి పది వరకు భుజాలు గుండ్రంగా తిప్పుకోవాలి. జుట్టు దువ్వుకునేంత ఎత్తుకి చేతులు నెమ్మదిగా ఎత్తొచ్చు. బరువు లేని కదలిక ఎముకని ఏమీ చెయ్యదు.

ఇక గుండె లెక్క. మంచాన పడుకోబెట్టిన మనిషిలో మొదట చెడేది ఊపిరితిత్తి. నొప్పికి భయపడి పైపైన గాలి పీలుస్తాడు, కింది భాగాలు ముడుచుకుపోతాయి, కఫం నిలుస్తుంది, నిమ్ము చేస్తుంది. అందుకే ఆసుపత్రిలో మూడు బంతులున్న స్పైరోమీటరు చేతికిస్తారు. దాన్ని చాలామంది ఊదుతారు. ఊదేది కాదు, పీల్చాలి. గొట్టం పెదాల మధ్య బిగించి నెమ్మదిగా లోపలికి లాగితే బంతులు లేస్తాయి. బంతుల మీద 600, 900, 1200 అని ఉంటుంది. మూడో బంతి లేపడం పందెమేమీ కాదు, ఒకటో రెండో బంతుల్ని రెండు మూడు సెకన్లు పైన నిలపడం ముఖ్యం. మెలకువగా ఉన్నంతసేపూ గంటకి పది పీల్పులు, చివర్న దిండు అదుముకుని రెండు దగ్గులు. ఇంటికొచ్చాక కూడా మూడు నాలుగు వారాలు ఇలా చెయ్యాలి. చాలా ఇళ్ళల్లో అది మూడో రోజుకే బీరువా ఎక్కుతుంది.

తర్వాత నడక. మొదటి వారం ఇంట్లోనే, వరండాలోనే, ఐదేసి నిమిషాలు రోజుకి నాలుగైదుసార్లు. అక్కణ్ణించి రోజుకో నిమిషం, రెండు నిమిషాలు కలుపుకుంటూ పోవాలి. మూడో వారానికి పది పదిహేను నిమిషాలు రోజుకి రెండు మూడుసార్లు, ఆరో వారానికి ఒకే విడతలో అరగంట. ఎంత వేగమంటే, పక్కవాళ్ళతో మాట్లాడుతూ నడవగలగాలి, కానీ పాట పాడలేనంత. నాడి లెక్క కంటే ఇదే నమ్మదగ్గ కొలత. మెటోప్రొలాల్ లాంటి మాత్రలు వేసుకునేవాళ్ళకి నాడి అంతగా పెరగదు కాబట్టి నాడి చూసి "ఏమీ కష్టపడట్లేదు" అనుకుని ఎక్కువ నడిచేస్తారు. మర్నాడు ఒళ్ళు పులిసిపోయి లేవలేకపోతే ఆ రోజు ఎక్కువైనట్టు, నడక మానకుండా ఒక మెట్టు తగ్గాలి. తిన్న వెంటనే వద్దు, గంటైనా ఆగాలి.

నడకకి మన డెల్టా అంత అనువైన నేల మరొకటుండదు. పుంతరోడ్డు, కాలవ గట్టు, పొలం దారి అన్నీ బల్లపరుపు. ఎక్కుడు అంటూ వచ్చేది కాలవ వంతెన దగ్గరే. ఆ కాస్త ఎత్తు ఎక్కేటప్పుడే ఆయాసం బయటపడుతుంది కాబట్టి నాలుగో వారం దాకా వంతెనకి ఇవతలే తిరగడం మంచిది. ఆ తర్వాత అదే వంతెన కొలతగా పనికొస్తుంది. గాలి ఎదురుగా ఉన్న దిక్కుకి ముందు నడవండి, అలసిపోయి వెనక్కి వచ్చేటప్పుడు గాలి వీపున ఉంటుంది. ఏప్రిల్, మే నెలల్లో ఉక్కపోతకి చెమట పడుతుందే గానీ ఆరదు, ఒళ్ళు చల్లబడదు, గుండె ఇంకా ఎక్కువ పని చేస్తుంది. బీపీ మాత్రలూ నీరు పోయే మాత్రలూ వేసుకునేవాళ్ళకి ఆ వేడిలో కళ్ళు తిరుగుతాయి. పొద్దున్న ఏడు గంటల్లోపు నడక ముగించాలి. అలాగని చీకట్లో ఒంటరిగా పోవద్దు, ఊరకుక్కలు వెంటపడితే పరిగెత్తే స్థితి కాదది. షుగరున్నవాళ్ళు చెప్పుల్లేకుండా అడుగు తీసి అడుగు వెయ్యకూడదు.

నడుస్తుంటే రొమ్ములో బిగింపు, దవడకీ ఎడమ చేతికీ పాకే నొప్పి, మాట రానంత ఆయాసం, నాడి అడ్డదిడ్డంగా కొట్టుకోవడం, కళ్ళు తిరగడం ఇవన్నీ నడక ఆపేసి డాక్టరుకి చెప్పాల్సినవి. ఆగినా తగ్గని నొప్పికి 108. అయితే ప్రతి నొప్పీ గుండెది కాదు. ఒత్తితేనో, దగ్గితేనో, పక్కకి తిరిగితేనో ఎక్కువయ్యేది సాధారణంగా ఎముకా కండరాల నొప్పి. నడిస్తే వచ్చి, నిలబడితే తగ్గేది గుండె నొప్పి కావచ్చు. బైపాస్ అయిన చాలామందికి ఎడమ రొమ్ము మీద మొద్దుబారినట్టు, సూదులు గుచ్చినట్టు ఉంటుంది. రొమ్ము గోడ లోపలి రక్తనాళాన్ని తీసి గుండెకి అతికించారు కాబట్టి అక్కడి నరాలు కదిలి అలా ఉంటుంది. నెలలు పడుతుంది, తగ్గుతుంది. ఈ ఒక్క మాట ముందే చెబితే ఎన్నో ఇళ్ళల్లో అర్ధరాత్రి పరుగులు తప్పుతాయి.

బైపాస్‌కి కాలి రక్తనాళం (సిర) తీసినవాళ్ళకి ఆ కాలు వాస్తుంది. అరుగు మీద కాళ్ళు వేలాడేసుకుని గంటలు కూర్చుంటే ఇంకా వాస్తుంది. పడుకున్నప్పుడు కాలు గుండె కంటే ఎత్తులో దిండ్ల మీద పెట్టుకోవాలి, కాలు మీద కాలు వేసుకోకూడదు. చెక్కు పూర్తిగా రాలేదాకా పొలం బురదలోకి, చెరువు నీళ్ళలోకి దిగకూడదు. వాపు ఒక్క కాలికే ఉండి, పిక్క గట్టిపడి నొప్పి పుడితే అది వేరే సంగతి, రక్తం గడ్డ కావచ్చు, వెంటనే చూపించుకోవాలి.

ఒకే ఆపరేషన్ అయినా మగవాళ్ళకీ ఆడవాళ్ళకీ మన ఇళ్ళల్లో జరిగేది వేరు. మగవాణ్ణి మంచం దిగనివ్వరు. ఆడమనిషి మూడో వారానికి వంటింట్లో ఉంటుంది. ఎవరూ వెళ్ళమనరు, ఆమే వెళుతుంది, ఎవరూ ఆపరు. ఇది నాకు చాలా కష్టంగా ఉండే సంగతి. నలుగురి అన్నం గిన్నె నీళ్ళతో కలిపి నాలుగు కిలోలు దాటుతుంది, అది రెండు చేతులా ఎత్తి వంచి గంజి వార్చడం ఎముక మీద నేరుగా పడే పని. కూర్చుని కూరలు తరగడం రెండో వారం నుంచి చెయ్యొచ్చు. చిన్న గిన్నెల్లో కూర వండటం నాలుగో వారం నుంచి. వాకిలి ఊడవడం, వంగి ముగ్గెయ్యడం ఎనిమిదో వారం దాటాక. బట్టలు బండకేసి ఉతకడం, తడిగుడ్డతో ఇల్లు తుడవడం, రోలూ రుబ్బూ మూడు నెలల తర్వాతే. ఆమె రోజువారీ నడకకి అరగంట విడిగా దొరకాలి. వంటింట్లో తిరగడం దాని కిందికి రాదు.

తిండి విషయంలో పథ్యం పేరుతో జరిగేది మరీ అన్యాయం. "పప్పు తింటే చీము పడుతుంది", "గుడ్డు వేడి", "చేప వాతం" అంటూ ఎముక అతుక్కోవాల్సిన నెలలోనే మాంసకృత్తులన్నీ మాన్పించి, అన్నంలో కారప్పొడి కలిపి పెడతారు. ఎముకా కండా మానాలంటే మాంసకృత్తులే కావాలి. పప్పు, పెరుగు, గుడ్డు, చేప రోజూ ఏదో ఒక రూపంలో పడాలి. చెరువుల జిల్లాల్లో ఉన్నవాళ్ళం, శీలావతో బొచ్చో కొర్రమీనో తక్కువ నూనెతో పులుసు పెట్టుకోవడానికి ఇబ్బంది లేదు. మొదటి నెల నోరు చేదుగా ఉండి ఆకలి వెయ్యదు, కాబట్టి ఆరు విడతలుగా కొంచెం కొంచెం పెట్టాలి. మూడు పూటలా కంచం నిండా తెల్లన్నం మాత్రం షుగరున్నవాళ్ళ గాటుకి శత్రువు.

చేప కంటే ఉప్పు ప్రమాదం. రోజు మొత్తానికి ఒక చెంచా, అంటే ఐదు గ్రాములు. మన కంచంలో ఆవకాయ, అప్పడం, వడియం, ఎండు చేప, ఎండు రొయ్య, ఉప్పేసిన మజ్జిగ కలిస్తే ఆ చెంచా మధ్యాహ్నానికే దాటిపోతుంది. ఉప్పు పెరిగితే నీరు పడుతుంది. నీరు పట్టడం కంటికి కనిపించేలోపే తూకంలో తెలుస్తుంది. రోజూ పొద్దున్న మూత్రానికి వెళ్ళొచ్చాక, ఏమీ తినకముందు, ఒకే రకం బట్టల్లో బరువు చూసి క్యాలెండరు మీద రాసుకోండి. ఒక్క రోజులో కిలో పైన, వారంలో రెండు కిలోల పైన పెరిగినా, పడుకుంటే ఆయాసమొచ్చి దిండ్లు పెంచుకోవాల్సొచ్చినా ఫోను చెయ్యాల్సిందే.

కోనసీమలో ఇంకోటుంది. పరామర్శకి వచ్చే ప్రతివాళ్ళూ చెట్టు దింపించి బొండాలు పట్టుకొస్తారు. రోజుకి నాలుగైదు తాగిస్తారు. కొబ్బరినీళ్ళలో పొటాషియం ఎక్కువ. గుండె ఆపరేషన్ అయినవాళ్ళలో చాలామంది రామిప్రిల్, స్పైరోనోలాక్టోన్ లాంటి మాత్రలు వేసుకుంటారు, అవి పొటాషియాన్ని ఒంట్లోనే నిలుపుతాయి. కిడ్నీ కాస్త మందగించినవాళ్ళకి ఆ రెండూ కలిస్తే గుండె లయ తప్పేంత ప్రమాదం. డాక్టర్ని అడక్కుండా బొండాలు వద్దు. పరామర్శకి సాయంత్రం ఒక గంట పెట్టుకుని, జలుబూ దగ్గూ ఉన్నవాళ్ళని గుమ్మం బయటే పలకరించి పంపెయ్యడం మర్యాద తప్పడం అవదు. "మా ఊళ్ళో ఇలాగే చేయించుకుని ఒకాయన పోయాడు" అనే కబుర్లు ఆ మంచం దగ్గర చెప్పేవాళ్ళని మాత్రం ఇంట్లోవాళ్ళే గట్టిగా ఆపాలి. ఎందుకంటే ఆ రోజుల్లో మనసు చాలా లేతగా ఉంటుంది. ఊరికే ఏడుపు రావడం, నిద్ర పట్టకపోవడం, చీటికీ మాటికీ కోపం, పేర్లు గుర్తు రాకపోవడం ఈ ఆపరేషన్ తర్వాత చాలామందికి ఉండేవే. వారాలు గడిచేకొద్దీ తగ్గుతాయి. రెండు వారాలపాటు దాదాపు రోజంతా దిగులే అయితే అదీ చెప్పుకోవాల్సిన జబ్బే, దానికీ మందుంది.

మందుల దగ్గర ఒకటే ముఖ్యం. మూసుకుపోయిన నాళానికి బైపాస్ పక్కదారి వేసింది, నాళాలు మూసుకుపోయే జబ్బు అలాగే ఉంది. అందుకే ఆస్పిరిన్, కొలెస్ట్రాల్ మాత్ర జీవితాంతం. "ఆపరేషన్ అయిపోయిందిగా ఇంకెందుకు" అని ఆరో నెలలో మానేసేవాళ్ళే మళ్ళీ ఆసుపత్రికి వస్తారు. నాడిని తగ్గించే మాత్ర ఒక్కసారిగా ఆపితే గుండె ఎదురు తిరుగుతుంది. నొప్పికి పారాసిటమాల్ సరిపోతుంది. ఊళ్ళో ఒళ్ళునొప్పులకి వేసే డైక్లోఫెనాక్ ఇంజక్షన్ బైపాస్ అయినవాళ్ళకి పనికిరాదు, గుండెకీ కిడ్నీకీ కడుపుకీ చేటు. చుట్ట, బీడీ, సిగరెట్టు, గుట్కా ఏదైనా అతికించిన కొత్త నాళాన్ని మూసేదే. లంక పొగాకు చుట్ట కాబట్టి తేలికన్నది భ్రమ.

స్టీలు వాల్వు అని మనం పిలిచే మెకానికల్ వాల్వు వేసినవాళ్ళకి ఇంకా జాగ్రత్త కావాలి. రక్తం గడ్డకట్టకుండా చూసే అసిట్రోమ్ మాత్ర రోజూ ఒకే వేళకి వెయ్యాలి. మర్చిపోతే మర్నాడు రెండు వెయ్యకూడదు. రక్తం ఎంత త్వరగా గడ్డకడుతుందో చూసే ఐఎన్‌ఆర్ పరీక్షలో అంకె చాలామందికి 2 నుంచి 3, మైట్రల్ వాల్వయితే 2.5 నుంచి 3.5 మధ్య ఉండాలంటారు. మీది ఎంతన్నది మీ కార్డు మీద రాయించుకోండి. గోంగూర, మునగాకు, తోటకూర మానక్కర్లేదు, వారంవారం ఒకే మోతాదులో తినాలి. ఒక వారం రోజూ ఆకుకూర తిని తర్వాతి వారం అసలు ముట్టకపోతేనే అంకె ఎగుడుదిగుడవుతుంది. విరేచనాలకి వేసే మెట్రోనిడజోల్ లాంటి మాత్రలు ఆ అంకెని ఒక్కసారిగా పెంచుతాయి. తుంటి ఇంజక్షన్ వేయించుకుంటే కండలోపల రక్తం కారి గడ్డలా పేరుకోవచ్చు. పన్ను పీకించుకునే ముందు గుండె డాక్టరుకి చెబితే దానికి అరగంట, గంట ముందు వేసుకోవాల్సిన యాంటీబయాటిక్ రాసిస్తారు. లంక గ్రామాలవాళ్ళు జూలై రాకముందే నెల రోజుల మందులు వాటర్‌ప్రూఫ్ సంచిలో ఇంట్లో పెట్టుకోవాలి, ఐఎన్‌ఆర్ పరీక్ష వరదకి ముందే చేయించుకోవాలి. గోదావరికి నీరొచ్చి పడవలు ఆగాక మందుల షాపు దొరకదు.

2007లో ఆరోగ్యశ్రీ వచ్చాక కూలి కుటుంబాలకి కూడా ఈ ఆపరేషన్ అందింది. ఇప్పుడది ఎన్టీఆర్ వైద్య సేవ. పథకంలో ఫాలో-అప్ ప్యాకేజీలు కూడా ఉన్నాయి, డిశ్చార్జి రోజునే ఆరోగ్యమిత్రని అడిగి మీ ఆపరేషన్‌కి వర్తించేదేదో రాయించుకోండి. కానీ ఇంటికొచ్చాక నడక నేర్పే మనిషి, బరువుల లెక్క చూసే మనిషి మన పట్టణాల్లో దొరకడం కష్టం. జిల్లా ఆసుపత్రుల్లో ఫిజియోథెరపిస్టులుంటారు, వాళ్ళకి వారానికొక పూట ఈ పని అప్పగించొచ్చు. ఇది జరగాలని అడగాల్సింది మనమే.

ప్రయాణాలు, పనులు ఎముక లెక్కలోకే వస్తాయి. ఆసుపత్రి నుంచి వచ్చేటప్పుడు కారు వెనక సీట్లో, బెల్టుకీ రొమ్ముకీ మధ్య మడత తువ్వాలు పెట్టుకుని కూర్చోవాలి. గంటకోసారి దిగి నాలుగడుగులు వెయ్యాలి. కారు నడపడం ఆరు వారాల తర్వాత. బండి పది, పన్నెండు వారాల తర్వాత, వెనక కూర్చోవడమైనా ఆరు వారాలు ఆగాలి, మన గోతుల రోడ్ల మీద షేరింగ్ ఆటో కూడా అంతే. నరసాపురం, సఖినేటిపల్లి రేవులో పంటు (బండ్లని దాటించే పడవ) ఎక్కి దిగేటప్పుడు ర్యాంపు దగ్గర కుదుపుంటుంది, కారులోనే కూర్చుని దాటండి. భార్యాభర్తల కలయిక గురించి ఎవరూ అడగరు, డాక్టర్లూ చెప్పరు. రెండంతస్తుల మెట్లు ఆయాసం లేకుండా ఎక్కగలిగితే, ఎముక మీద బరువు పడకుండా, ఆరు నుంచి ఎనిమిది వారాలకి మామూలుగా ఉండొచ్చు. నాలుక కింద నైట్రేట్ మాత్ర వాడేవాళ్ళు వయాగ్రా రకం మందులు మాత్రం ముట్టుకోకూడదు, బీపీ ప్రాణాపాయంగా పడిపోతుంది.

ఆఫీసు, బల్ల దగ్గర కూర్చునే కొట్టు, టైలరింగు ఆరు నుంచి ఎనిమిది వారాలకి సగం పూటతో మొదలుపెట్టొచ్చు. రైతు గట్టు మీద తిరిగి నీళ్ళు చూసుకోవడం ఆరో వారానికే చెయ్యొచ్చు, పార పట్టడం మూడు నెలలకి. రొయ్యల చెరువువాళ్ళు మేత బస్తా, ఏరేటరు లాగడం వేరేవాళ్ళకి అప్పగించి లెక్కలు చూసుకోవచ్చు, కానీ రాత్రి కాపలా మూడు నెలలైనా మానాలి, నిద్ర లేని గుండె మానదు. బస్తాలు మోసేవాళ్ళు, తాపీ పనివాళ్ళు 12 వారాల తర్వాత ఎకో, ట్రెడ్‌మిల్ పరీక్ష చూపించుకుని దిగాలి.

కొబ్బరి దింపు కార్మికుల సంగతి విడిగా చెప్పాలి. బైపాస్ అయ్యి, పరీక్షలు బాగుండి, చేతుల బలం వస్తే మళ్ళీ చెట్టెక్కే విషయం డాక్టరుతో మాట్లాడొచ్చు. స్టీలు వాల్వు వేయించుకుని అసిట్రోమ్ మీద ఉన్నవాళ్ళు ఎక్కనే కూడదు, చిన్నపాటి జారుడుకే తలలోనో కడుపులోనో రక్తస్రావం అవ్వొచ్చు. ఈ సంగతి ఆపరేషన్ అయ్యాక తెలిస్తే ఆ ఇంటికి కూడు పోయినట్టే. స్టీలు వాల్వు చాలాకాలం మన్నుతుంది గానీ జన్మంతా అసిట్రోమ్ కావాలి. జంతువుల కణజాలంతో చేసే వాల్వుకి ఆ మాత్ర సాధారణంగా మూడు నెలలతో సరి, కానీ పది పదిహేనేళ్ళకి మళ్ళీ మార్చాల్సి రావచ్చు. వయసు యాభై లోపైతే స్టీలు వైపు, అరవై ఐదు దాటితే కణజాలం వైపు సర్జన్లు మొగ్గుతారు. ఆ మధ్య వయసులో మనిషి చేసే పనే తేల్చాలి. అందుకని వాల్వు ఆపరేషన్ కాగితం మీద సంతకం పెట్టకముందే ఏ పని చేసి బతుకుతారో సర్జనుకి చెప్పండి. కీళ్ళవాత జ్వరంతో వాల్వు చెడిన పెళ్ళి కావాల్సిన అమ్మాయి విషయంలో ఇది ఇంకా ముఖ్యం. అసిట్రోమ్ కడుపులో బిడ్డకి హాని చేస్తుంది కాబట్టి, పిల్లల సంగతి ఆ అమ్మాయి ఎదుటే, ఆమె నోటితోనే, ఆపరేషన్‌కి ముందు మాట్లాడించాలి.